చేపజాతిని నిలబెట్టుటకు ఖర్చెంత? లెక్క కట్టవలసిన తీరు

ఊరిచెరువు కట్టకు గండి పడినచో దానిని పూడ్చుటకు ఎస్టిమేటు తయారగును. మట్టిపని ఇంత, రాతికట్టడము ఇంత, తూము తలుపు ఇంత, కూలి ఇంత అని వరుసలు వ్రాసి, క్రింద మొత్తము వేసి పై అధికారికి పంపుదురు. ఆ కాగితమును చదివి వినిపించినచో ఏ రైతైనను ఇందులో ఏది ఎక్కువయో, ఏది తక్కువయో చెప్పగలడు. గండి వెడల్పు ఎంతో, బండెడు మట్టి ఎంతకు వచ్చునో అతనికి తెలియును గదా! కాని ఒక నదిలో తరతరములనుండి యున్న చేపజాతి యొకటి అంతరించిపోవుచున్నది, దానిని మరల నిలబెట్టుటకు ఎస్టిమేటు వేయుడు అన్నచో ఎట్లు వేయవలెను? అందులో ఏ వరుసలుండవలెను? ఎన్ని యేండ్లకు వేయవలెను?

వరి, ప్రత్తి, మిరప పండించుకొను మనకు ఈ ప్రశ్నతో ఏమి పనియని పాఠకులకు తోచవచ్చును. పని యున్నది. 2001వ సంవత్సరమున అమెరికా దేశములో ఒక ప్రాంతపు రైతుల కాలువకు, కొన్ని చేపజాతులను కాపాడుటకై, సేద్యపు కాలము మొదటనే నీరు ఆపివేసినారు. ఆనాటినుండి ఇరువది మూడేండ్లలో ఆ ఒక్క నది విషయమున ప్రభుత్వము, రైతులు, జాలరులు, విద్యుత్తు వాడుకదారులు భరించిన సొమ్మంతయు ఏ ఒక్క పద్దులోను మొత్తముగా కనిపించదు.

నా అభిప్రాయమును ముందుగానే చెప్పుచున్నాను. ఇటువంటి పనులలో ఖజానా పద్దున వ్రాయబడునది ఖర్చులో ఒక భాగము మాత్రమే. మిగిలిన భాగమెంతయో, దానిని ఎవరు మోయవలెనో ముందుగా తేల్చుకొనక మొదలుపెట్టిన కార్యక్రమము చేపకును మేలు చేయదు, రైతుకును మేలు చేయదు. ఈ సంగతి మన దేశములో ఇంకను చర్చకు రాకముందే మనము నేర్చుకొనుట మంచిది.

చట్టము అడుగు లెక్క

అమెరికాలో ఆపన్నస్థితిలో నున్న జంతుజాతులను కాపాడుటకు 1973లో ఒక చట్టము చేసినారు. ఒక జాతి అంతరించు ప్రమాదములో నున్నదా, లేదా యని నిర్ణయించునపుడు శాస్త్రీయమైన ఆధారములనే చూడవలెనుగాని ఖర్చును చూడరాదు. కాని ఒకసారి ఆ జాతి జాబితాలో చేరిన తరువాత దానిని తిరిగి నిలబెట్టుటకు ఒక ప్రణాళిక వ్రాయవలెను. 1988లో ఆ చట్టమును సవరించి, ప్రతి ప్రణాళికలోను ఆ పనికి ఎంతకాలము పట్టునో, ఎంత ఖర్చగునో సాధ్యమైనంతవరకు అంచనా వేసి చూపవలెనని విధించినారు. ఏటేట ఏ జాతికి ఎంత వెచ్చించిరో పార్లమెంటుకు నివేదిక ఇయ్యవలెనని కూడ అదే సవరణలో చేర్చినారు.

ఆ ప్రణాళికలలో పనుల పట్టిక యుండును. మన ఎస్టిమేటు కాగితమునకు అది దూరపు చుట్టమే. ఒక్కొక్క పనికి ఒక వరుస. దాని కెదురుగా ఆ పని ఎంత అవసరమో తెలుపు అంకె, ఎన్నేండ్లు సాగునో, ఏ శాఖ చేయవలెనో, ఏ యేట ఎంత సొమ్ము కావలెనో వ్రాయుదురు. జాతి అంతరించిపోకుండ ఆపుటకు తప్పనిసరియైన పనులు మొదటి తరగతి. ఇంకను క్షీణించకుండ ఆపునవి రెండవ తరగతి. పూర్తిగా కోలుకొనుటకు కావలసిన మిగిలిన పనులు మూడవ తరగతి. సొమ్ము చాలనపుడు ఏది ముందు, ఏది వెనుక యని తేల్చుకొనుటకు ఈ విభజన ఉపకరించును.

ఇట్టి జాతులన్నిటికి కలిపి అమెరికాలో 2020లో సుమారు 120 కోట్ల డాలర్లు ఖర్చైనది. అందులో ఇంచుమించు సగము సాల్మన్, స్టీల్‌హెడ్ అను రెండు రకముల చేపలకే పోయినది. జాబితాలోని జాతులు వందలకొలది యుండగా సగము సొమ్ము వీనికే ఏల? ఈ చేపలు నదిలో పుట్టి, సముద్రమునకు పోయి పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల నదిలోనికి ఎదురెక్కి వచ్చును. వరదకాలమున గోదావరికి ఎదురెక్కు మన పులస కూడ ఇటువంటి యాత్ర చేయునదే. అట్టి చేప బ్రతుకవలెనన్న ఒక్క మడుగును బాగుచేసిన చాలదు. పుట్టిన వాగునుండి సముద్రమువరకు నదియంతయు బాగుండవలెను. దారిలో ఆనకట్టలుండును, విద్యుత్తు కేంద్రములుండును, కాలువలుండును, పట్టణములుండును. చేప ఖర్చు అనునది ఇక్కడ నది ఖర్చుగా మారిపోవుచున్నది.

లెక్క తప్పిపోవు మూడు చోట్లు

ఇటువంటి లెక్క వ్రాయువారికి మూడు చిక్కులు ఎదురగును.

మొదటిది, ఒక పని పది చేపలకు ఉపయోగపడుట. ఒక వాగు గట్టున చెట్లు నాటినచో నీరు చల్లబడును. ఆ వాగులో నాలుగు జాతులున్నచో ఆ చెట్ల ఖర్చు దేనికి వ్రాయవలెను? నాలుగింటికిని పంచవలెనా? ఒకదానికే వ్రాసినచో మిగిలిన మూడును ఉచితముగా కోలుకొనినట్లు కనిపించును. నాలుగింటికిని పూర్తిగా వ్రాసినచో ఒకే సొమ్మును నాలుగుసార్లు లెక్కించినట్లగును.

రెండవది, ఒక ఉద్యోగి పది పనులు చేయుట. శాస్త్రజ్ఞుని జీతము, వాహనము, కార్యాలయము ఏ చేప పద్దున వ్రాయవలెను? ఊరి పంచాయతి కార్యదర్శి కాలములో ఎంతభాగము త్రాగునీటికి పోయెను, ఎంతభాగము వీధిదీపములకు పోయెను అని అడిగినట్లుండును. అందుచేతనే అమెరికా చట్టము కూడ ఏ జాతికి చెందునో సహేతుకముగా గుర్తింపగల ఖర్చునే వ్రాయుమన్నది. గుర్తింపరాని ఖర్చు ఆ జాతి పద్దులో పడదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. అది రాకుండపోయిన రాబడి. కొలంబియా నదిమీద ప్రభుత్వపు ఆనకట్టలు గలవు. చేపపిల్లలు సముద్రమునకు దిగిపోవు కాలమున నీటిని విద్యుత్తు యంత్రములగుండ పోనీయక అలుగు మీదుగా వదలుదురు. ఆ నీటితో విద్యుత్తు పుట్టదు. అమ్ముకొనుటకు కరెంటు లేదు, ఒక్కొక్కప్పుడు బయట కొని సరఫరా చేయవలసి వచ్చును. ఆ కరెంటును అమ్ము బోన్‌విల్ సంస్థ ఈ నష్టమును చేపల ఖర్చుగా లెక్కించుచున్నది. చేపల పక్షమున వాదించువారు దీనిని ఒప్పుకొనరు. నదిలోని నీరంతయు విద్యుత్తుకే చెందినదని ఎవరు చెప్పిరి, మొదట చేపకు చెందిన నీటిని చేపకిచ్చుట ఖర్చెట్లగును అని వారి ప్రశ్న. ఇరుపక్షములును ఒకే నదిని చూచి వేరువేరు మొత్తములు వేయుచున్నారు. ఎవరి కూడికలోను తప్పు లేదు. ఏ అంకె ఏ గడిలో చేరవలెనన్న దానిలోనే తేడా.

అమెరికా పార్లమెంటు తరపున లెక్కలు తనిఖీచేయు సంస్థ 2002లో ఈ కొలంబియా నది సాల్మన్, స్టీల్‌హెడ్ చేపల పద్దును పరిశీలించినది. ఆ పనిలో 11 కేంద్రప్రభుత్వ శాఖలు పాలుపంచుకొనుచుండెను. 1982 మొదలు 2001 వరకు సుమారు 330 కోట్ల డాలర్లు ఖర్చైనట్లు అంచనా తేలినది. అంత సొమ్ము వెచ్చించినను, దానివలన తిరిగివచ్చు చేపల సంఖ్య ఎంత పెరిగినదో నికరముగా చెప్పుటకు ఆధారములు స్వల్పమని ఆ నివేదిక చెప్పినది. పాఠకులు దీనిని గమనింపవలెను. ఎరువు ఎంత వేసితిమో వ్రాసికొని, గింజ ఎంత పండినదో కొలువకున్నచో ఆ లెక్క సగము లెక్కయే.

ఆలస్యమునకు ధర

ఒకే దేశములో, ఒకే చట్టము క్రింద, రెండు చేపల కథలు చూడుడు.

ఐడహో రాష్ట్రమున రెడ్‌ఫిష్ అను కొండ సరస్సు గలదు. అది సముద్రమునకు సుమారు 900 మైళ్ల దూరమున, 6,500 అడుగుల ఎత్తున నున్నది. సాకై యను సాల్మన్ జాతి చేపలు ఆ సరస్సులో గ్రుడ్లు పెట్టుటకు ఎనిమిది ఆనకట్టలు దాటి రావలెను. 1991లో ఆ జాతిని ఆపన్నమైనదిగా ప్రకటించినారు. 1992లో ఆ సరస్సుకు తిరిగివచ్చినది ఒకే ఒక మగచేప! అప్పటికి మిగిలిన కొద్ది చేపలను పట్టి, తొట్లలో పెంచి, వాని సంతతినే విత్తనముగా నిలుపవలసి వచ్చినది. 2014లో 1,500కు పైబడి చేపలు తిరిగివచ్చుటతో అందరు సంతోషించినారు. మరుసటి యేడు వేసవిలో నది నీరు వేడెక్కి, పైకి వచ్చు చేపలలో చాలాభాగము దారిలోనే చచ్చిపోయినవి. ముప్పదియేండ్లకు పైబడి ఈ పని సాగుచునే యున్నది. విత్తనపు గాదె అడుగంటిన తరువాత సేద్యము మొదలుపెట్టినట్లుండును ఈ కథ.

రెండవ కథ ఆరెగాన్ చబ్ అను చిన్న చేపది. మూడున్నర అంగుళములకు మించి పెరుగదు. ఆరెగాన్ రాష్ట్రములోని విల్లమెట్ నదీలోయలో, ప్రవాహము లేని పాయలలోను మడుగులలోను మాత్రమే బ్రతుకును. ఆనకట్టలు కట్టుట వలన, మడుగులు పూడ్చుట వలన, బయటి చేపలను తెచ్చి వదలుట వలన అది క్షీణించినది. 1993లో జాబితాలో చేర్చునాటికి ఎనిమిది చోట్ల కలిపి వెయ్యికి లోపుగా మిగిలినవి. దానికొరకు ఏ ఆనకట్టను పడగొట్టలేదు. అనువైన మడుగులను వెదకి చేపలను అందు వదలినారు. బయటి చేపలు ఆ మడుగులలో చేరకుండ చూచినారు. రైతుల భూములలోని మడుగులను కూడ వాడుకొనినారు. ఇందుకొప్పుకొనిన రైతుతో ప్రభుత్వము ఒడంబడిక వ్రాసికొనెను. చేపను నీ మడుగులో ఉండనిచ్చినందున రేపు నీ భూమిపై కొత్త ఆంక్షలు పెట్టము అని దాని సారాంశము. 2015 నాటికి 80 చోట్ల సుమారు 1,40,000 చేపలున్నవి. ఆ యేడే దానిని జాబితానుండి తొలగించినారు. కోలుకొనినందున ఆ జాబితానుండి బయటపడిన మొదటి చేప అదియే.

ఈ రెండింటికిని గల తేడా చేప పరిమాణములో లేదు. సాకై నడచు దారిలో పెద్ద ఆస్తులన్నియు నిలిచియున్నవి, చబ్‌కు చిన్న మడుగు చాలును, ఇది నిజమే. కాని మరియొక నిజము కూడ కలదు. ఒకదానికి పని మొదలగునప్పటికి విత్తనము మిగులలేదు. రెండవదానికి విత్తనమును మిగిలినది, రైతు సమ్మతియు దొరికినది. ఈ రెండును ఉన్నప్పుడు ఖర్చు తగ్గును. ఏ ఎస్టిమేటులోనైనను ఆలస్యమునకు ఒక వరుస వ్రాయవలెనని నేననుట ఇందుకే.

క్లామత్ రైతుల అనుభవము

ఇక మొదట చెప్పిన కాలువ సంగతి. ఆరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రముల సరిహద్దున క్లామత్ అను ప్రాంతము గలదు. అక్కడ 1905లో ప్రభుత్వము సాగునీటి పథకమును చేపట్టినది. సుమారు 1,400 కమతములు, రెండు లక్షల ఎకరములకు పైబడిన భూమి ఆ నీటిపై ఆధారపడియున్నవి. బంగాళాదుంప, ఉల్లి, బార్లీ, పశుగ్రాసము అక్కడి పంటలు. ఆ నీరు వచ్చు సరస్సులో సక్కర్ జాతి చేపలు రెండు రకములు గలవు. అవి అక్కడి ఆదివాసులకు పూర్వమునుండి ఆహారము, పూజ్యము కూడ. చేపలు తగ్గుచుండుట చూచి ఆదివాసులే 1986లో తమ వేటను తామే నిలిపివేసికొనినారు. 1988లో ఆ చేపలు ఆపన్నజాతుల జాబితాలో చేరినవి. నది దిగువన నున్న కోహో అను సాల్మన్ 1997లో జాబితాలో చేరినది.

2001లో తీవ్రమైన కరవు వచ్చినది. సరస్సులో సక్కర్ చేపలకు, దిగువ నదిలో కోహోకు నీరుంచవలెనని నిర్ణయించి, ఏప్రిల్ నెలలో కాలువకు నీరియ్యమని ప్రకటించినారు. అప్పటికి రైతులు అప్పులు తెచ్చుకొని సేద్యమునకు సిద్ధమైయున్నారు. మే నెలలో వేలాదిమంది క్లామత్ ఫాల్స్ పట్టణమున వరుసగా నిలిచి, నీటిని బకెట్లతో చేతులు మార్చుకొనుచు కాలువలో పోసి తమ నిరసన తెలిపినారు. ప్రభుత్వము 2 కోట్ల డాలర్ల సహాయము నిచ్చినది. నష్టపరిహారమునకై రైతులు వేసిన దావా ఏండ్లకొలది నడచి 2017లో కొట్టివేయబడినది. ఆదివాసుల నీటి హక్కు రైతుల హక్కుకంటె పాతదని న్యాయస్థానము నిర్ణయించినది. 2019లో పై న్యాయస్థానము కూడ దానినే ఖాయపరచినది.

2002లో రైతులకు నీరిచ్చినారు. ఆ సెప్టెంబరు నెలలో దిగువ నదిలో నీరు తగ్గి, వేడెక్కి, చేపలు గుంపుగా చిక్కుకొని, తెగులు సోకి 33 వేలకు మించి సాల్మన్ చేపలు చచ్చినవి. క్లామత్ చేపలు తగ్గినందున 2006లో రెండు రాష్ట్రముల సముద్రతీరమున వందల మైళ్లమేర సాల్మన్ వేటను కుదించవలసి వచ్చినది. జాలరులకు 2007లో 6 కోట్ల డాలర్ల సహాయము మంజూరైనది. తుదకు ఆ నదిమీదనున్న నాలుగు విద్యుత్తు ఆనకట్టలను తొలగించుటకు నిర్ణయించినారు. చేపలు ఎక్కుటకు వానికి నిచ్చెనలు కట్టి నడుపుకొనుటకంటె తీసివేయుటయే వాడుకదారులకు చౌక యని లెక్క తేలినది. అందుకు 45 కోట్ల డాలర్లు కేటాయించినారు. అందులో 20 కోట్లు విద్యుత్తు వాడుకదారులు చెల్లించినది, 25 కోట్లు కాలిఫోర్నియా రాష్ట్రము ఋణపత్రముల ద్వారా సేకరించినది. 2024లో పని పూర్తియైనది. ఆ శరదృతువుననే సాల్మన్ చేపలు, 1912 తరువాత మొదటిసారిగా, ఆనకట్టలకు ఎగువనున్న ఆరెగాన్ నీటిలో కనిపించినవి. సరస్సులోని సక్కర్ చేపల చిక్కు మాత్రము తీరలేదు.

ఇప్పుడు చెప్పుడు. ఈ నదిలో చేపల ఖర్చెంత? 2001 ఏప్రిల్‌లో ఆ నిర్ణయము తీసికొన్న కార్యాలయపు పద్దులో చూచినచో అతి స్వల్పము. నీరు వదలకుండుటకు డబ్బేల? తలుపు దించిన చాలును. ఆ స్వల్పమైన అంకె వెనుక రైతు నష్టము ఒక యేట, జాలరి నష్టము మరొక యేట, వాడుకదారుని బిల్లు ఇంకొక యేట బయటపడుచు వచ్చినవి. ఇవి వేరువేరు శాఖల పద్దులలో, వేరువేరు సంవత్సరములలో పడినందున ఎవరికిని మొత్తము కనిపించలేదు. ముందుగానే ఒక కాగితము మీద వ్రాసియున్నచో, కరవు యేట ఎవరి భూమిని బీడు పెట్టుటకు ఎంత ఇచ్చి ఒప్పించవలెనో నిదానముగా మాట్లాడుకొనుటకు వీలుండెడిది.

నాలుగు గడుల ఎస్టిమేటు

అందుచేత ఇటువంటి కార్యక్రమమునకు అంచనా వేయునపుడు నాలుగు గడులు తప్పక ఉండవలెనని నా అభిప్రాయము.

మొదటి గడిలో ప్రభుత్వము చేతినుండి పోవు సొమ్ము. జీతములు, కట్టడములు, చేపపిల్లల పెంపకము, కాపలా, లెక్కింపు. ఇది ఒక యేటిది కాదు, పని ముగియువరకు అయ్యెడిది. నేటి రూపాయియు పదేండ్ల తరువాతి రూపాయియు ఒకటి కావు గనుక ఏ సంవత్సరపు ధరలలో వ్రాసిరో కూడ చెప్పవలెను.

రెండవ గడిలో రాకుండపోవు రాబడి. తగ్గిన విద్యుత్తు, తగ్గిన నీటితీరువ, తగ్గిన చేపల పాట. దీనిని మొదటి గడిలో కలుపరాదు, వదలివేయరాదు.

మూడవ గడిలో ఇతరుల నెత్తిన పడు నష్టము. ఏ ఊరి రైతుకు ఎంత, ఏ జాలరి కుటుంబమునకు ఎంత యని పేరుపేరున తేల్చవలెను. వారికి పరిహారమిచ్చినచో ఆ సొమ్ము మొదటి గడికి మారును. ఈయనిచో మూడవ గడిలోనే నిలిచి, దావాల రూపమున, నిరసనల రూపమున తిరిగివచ్చును.

నాలుగవ గడిలో ఏమియు చేయకున్నచో అయ్యెడి ఖర్చు. పోయిన వేట, పోయిన జీవనోపాధి, పదేండ్ల తరువాత అదే పనిని మరింత కష్టముతో చేయవలసివచ్చు ఖర్చు. ఈ గడి ఖాళీగా నున్నచో ప్రతి కార్యక్రమమును దండుగగా కనిపించును.

దీనిపై రెండు ఆక్షేపణలు వచ్చును. మనుష్యులకే నీరు లేనప్పుడు చేపకు నీరా యని కొందరందురు. ఆ చేపవెనుక కూడ మనుష్యులున్నారని మరువరాదు. క్లామత్‌లో ఎగువన రైతు ఎట్టివాడో దిగువన జాలరియు అట్టివాడే. చేపకు, మనిషికి నడుమ తగవుగా కనిపించునది పెక్కుసారులు ఒక పల్లెకు, మరొక పల్లెకు నడుమ తగవే. ఇక మరికొందరు, ఒక ప్రాణిజాతికి వెలకట్టుట తప్పు, లెక్కయే వలదందురు. వారి మనస్సు మంచిది. కాని లెక్క వ్రాయనంతమాత్రమున ఖర్చు ఆగదు. నోరులేనివాని ఇంటికి పోవును. లెక్క వ్రాయుట చేపను అమ్ముటకు కాదు, భారమును న్యాయముగా పంచుటకు.

మన నీళ్లలో

మన రాష్ట్రమున ఈ గడులు కొత్తవి కావు. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమున, యాంత్రిక పడవలతో సముద్రపు వేటను నిషేధించుచున్నారు. జాలరి కుటుంబమునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నుండి 10 వేల రూపాయల భృతి నిచ్చినది. 2025లో దానిని 20 వేలకు పెంచి, సుమారు 1 లక్షా 29 వేల కుటుంబములకు చెల్లించినది. గుణించి చూచినచో 258 కోట్ల రూపాయలు. ఈ నిషేధము ఏ ఒక్క ఆపన్నజాతి కొరకు పెట్టినది కాదు. అయినను లెక్కలో ఒక మంచి పద్ధతి ఇందున్నది. జాలరి నెత్తిన పడవలసిన నష్టములో కొంత మూడవ గడినుండి మొదటి గడికి మారినది. అంకె పెద్దదిగా కనిపించును. కాని ఖర్చు పెరుగలేదు, బయటపడినది.

నదులలో మాత్రము మనము ఇంకను ఇట్లు ఆలోచింపలేదు. పులస గోదావరి కెదురెక్కు దారిలో 1852 నుండి ధవళేశ్వరము ఆనకట్ట అడ్డుగా నున్నది. ఆ ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా చేసినది. దానిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. పులస ఇంకను అంతర్జాతీయపు ఆపన్నజాతుల జాబితాలో చేరలేదు. అందుచేతనే లెక్క వేయుటకు ఇది తగిన అదను. ఒక్క చేప వేల రూపాయలకు పోవుచున్నదని పత్రికలలో చదివి ఆశ్చర్యపడుచున్నాము. అరుదైపోవుచున్న సరకుకే అంత ధర వచ్చునని కూడ తలచవలెను.

పులసకంటె మన పొలమునకు దగ్గరి చుట్టము మార్పు చేప. మాగుర్ అని ఉత్తరదేశమున పిలుచు ఈ దేశవాళీ చేప అంతర్జాతీయ జాబితాలో ఆపన్నజాతులలో చేరియున్నది. తొలకరి వానలకు వరిమళ్లలోనికి, గుంటలలోనికి ఎక్కి గ్రుడ్లుపెట్టునది ఇదియే. మడులలో పురుగుమందులు, పూడిన గుంటలు, ఆఫ్రికానుండి వచ్చిన క్యాట్‌ఫిష్ దీనికి శత్రువులు. ఆ ఆఫ్రికా చేప పెంపకమును ప్రభుత్వము నిషేధించినను రహస్యముగా పెంచువారున్నారు. మార్పు చేపను నిలబెట్టుటకు ఆనకట్టలు పడగొట్టనక్కరలేదు. ఆరెగాన్ రైతు చేసిన పని మన రైతు చేయగలడు.

గ్రామాధికారులకు, రైతు సోదరులకు నా మనవి యిది. మీ చెరువులో, కాలువలో నేడు ఏ యే చేపలున్నవో, ఇరువదియేండ్ల క్రింద ఏవి యుండెడివో మత్స్యకార సంఘపు పెద్దలనడిగి ఒక కాగితము మీద వ్రాయించి పంచాయతిలో ఉంచుడు. కాని ఖర్చులేని పని యిది. ఎంత మిగిలినదో తెలియనిదే ఏ ఎస్టిమేటును వేయలేము. చెరువు పూడిక తీయించునపుడు లోతైన మడుగు నొకదానిని విడువుడు. వేసవిలో తల్లిచేపలు అందు బ్రతుకును. మందు చల్లిన పంపులను కాలువలో కడుగవలదు. విషము కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టుటను 1897 నాటి చట్టమే నిషేధించినది. అట్టివారిని ఊరివారే అడ్డుకొనవలెను. నిషిద్ధమైన ఆఫ్రికా చేప మీ ఊరి గుంటలలో కనిపించినచో మత్స్యశాఖకు వెంటనే తెలుపుడు.

మీ వాగుపై కొత్తగా చెక్‌డ్యామో, ఎత్తిపోతలో వచ్చునపుడు ఎస్టిమేటు చూపుమని అడుగుడు. అందులో చేప దారికి ఒక వరుస యున్నదేమో చూడుడు. కట్టునపుడు వ్రాయు వరుసకు కొద్ది సొమ్ము చాలును. కట్టిన తరువాత వ్రాయవలసివచ్చినచో, దానిని మన బిడ్డలు చెల్లింతురు.